ఏడు దగ్గర ఆగిన మెడనొప్పి

ఆ బీమా ఆఫీసు మూడో అంతస్తులో ఆమెను అందరూ చుక్కమ్మగారు అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. పాత క్లెయిము కాగితాల మీద చేత్తో రాసినదానినీ, దాన్ని చూసి కొత్తగా కంప్యూటరులోకి ఎక్కించినదానినీ పక్కపక్కన పెట్టి సరిచూడడం ఆమె పని. ఎడమవైపు కాగితం, కుడివైపు తెర. పుట్టిన తేదీలో ఒక్క చుక్క తప్పినా ఆమె కన్ను దాటిపోదు. ఒకసారి మేనేజరు స్వయంగా ఎక్కించిన ఫైలును "ఇక్కడ చుక్క లేదండీ" అని వెనక్కి పంపింది. పేరు ఆ రోజే స్థిరపడిపోయింది.

ఇరవై రెండేళ్లుగా ఆమె తల ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి తిరుగుతూనే ఉంది. మెడ ఊరుకుంటుందా? మొదట్లో సాయంత్రాలు పట్టేసేది. తర్వాత మధ్యాహ్నానికే మొదలయ్యేది. ఈమధ్య పొద్దున్న లేస్తూనే భుజం నుంచి చెవి వెనక దాకా ఎవరో తాడు బిగించి ముడేసినట్టు ఉంటోంది.

ఇంట్లో ఆమె ఒక్కతే. రెండేళ్ల క్రితం వరకూ అక్క కూడా ఉండేది. అమ్మానాన్నలు పోయాక అక్కాచెల్లెళ్లిద్దరూ పెళ్లి మాట ఎత్తకుండా ఆ రెండు గదుల్లోనే పంతొమ్మిదేళ్లు గడిపారు. అలాంటి అక్కకి యాభై ఆరో ఏట, ఎవరూ కలలో కూడా అనుకోని విధంగా, పెళ్లయింది. వరుడు రిటైరైన రైలు గార్డు. కంటి ఆసుపత్రిలో ఇద్దరికీ కళ్లలో మందు వేసి, అరగంట కళ్లు తెరవకండని పక్కపక్కన కూర్చోబెట్టారట. "ముఖం చూడకుండానే నచ్చాడే! చూశాక కూడా పరవాలేదనిపించింది," అని అక్క సిగ్గుపడుతూ చెప్పింది. సాక్షి సంతకం పెట్టింది చుక్కమ్మే. సంతోషంగానే పెట్టింది. ఆ సంతోషంలో అబద్ధం లేదు.

అక్క వేరే ఊరు వెళ్లిపోయాక మాత్రం ఇంట్లో మాటకి పని లేకుండా పోయింది. ఆదివారం అక్క ఫోను చేసినప్పుడు పది నిమిషాలు. అది తప్పితే శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా గొంతు అలా పడి ఉండేది. సోమవారం లిఫ్టులో మొదటి "నమస్తే" బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అని అడిగేవాళ్లు. అవునని తలూపేది.

ఆ ఏడాది ఆఫీసులో మెడనొప్పి పేరుతో పెట్టే సెలవులు మరీ ఎక్కువైపోవడంతో కంపెనీ కళ్లు తెరిచింది. పదహారు వారాల కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. ముప్ఫై ఏళ్లయినా నిండని ఒక ఫిజియోథెరపిస్టు వచ్చింది. బల్ల బల్లకీ తిరిగి కుర్చీలు దించింది, తెరలు ఎత్తింది. చుక్కమ్మ కాగితాలను తెర పక్కనే నిలబెట్టేలా ఒక అట్ట స్టాండు పెట్టించింది. "ఇన్నాళ్లూ ఇది లేకుండా ఎలా నెట్టుకొచ్చారండీ?" అంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఇరవై మందిని మీటింగు హాలులో నిలబెట్టి, చేతికో రబ్బరు పట్టీ ఇచ్చి, భుజాలకీ మెడకీ బలం వచ్చే వ్యాయామాలు చేయించేది.

నొప్పి మరీ ఎక్కువగా ఉన్న నలుగురికి మాత్రం బుధవారం ఇంకో ఏర్పాటు. పాత స్టోరు గది ఖాళీ చేయించి అందులో బల్ల వేశారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు ఫిజియో చేతులతో వైద్యం. అంతకుముందు ఒక కాగితం మీద సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో అంకె వేయాలి.

"మూడుకి తగ్గాక ఇక నా చేతులతో పని లేదు. వ్యాయామం చాలు. మీ చోటు వేరేవాళ్లకిస్తాను," అని ఫిజియో ముందే చెప్పింది.

మొదటి బుధవారం చుక్కమ్మ ఎనిమిది వేసి బల్ల మీద వెల్లకిలా పడుకుంది. ఫిజియో తల దగ్గర కూర్చుని, రెండు అరచేతులూ ఆమె తల కిందకి పోనిచ్చింది.

"తల బరువంతా నా చేతుల్లో వదిలెయ్యండి."

"వదిలేశానుగా."

"లేదండీ, ఇంకా మీరే మోస్తున్నారు."

చుక్కమ్మకి ఎలా వదలాలో తెలియలేదు. కాసేపటికి తనకి తెలియకుండానే తల బరువెక్కి ఆ చేతుల్లోకి ఒరిగిపోయింది. కణతల మీదుగా వెచ్చగా ఏదో చెవుల్లోకి జారింది. అవి కన్నీళ్లని కొంచెం ఆలస్యంగా గ్రహించింది.

"నొప్పెట్టిందా?" అని ఫిజియో చేతులు ఆపింది.

"అబ్బే, లేదమ్మా. కానివ్వు."

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తనను ఒక మనిషి ముట్టుకుని ఎన్నాళ్లయిందా అని ఆలోచించింది. రద్దీలో భుజాలు తగలడం లెక్కలోకి రాదు. వెళ్లేరోజు అక్క కావలించుకుంది. ఆ తర్వాత ఎంత వెతికినా ఏమీ గుర్తుకు రాలేదు.

మూడో వారానికి నొప్పి ఏడుకి దిగింది. నాలుగో వారంలో ఒక పొద్దున్న రోడ్డు దాటుతూ అటూ ఇటూ చూసి, సగం దాటాక ఆగిపోయింది. మెడ హాయిగా తిరిగింది! వెనక నుంచి హారను మోగేదాకా అక్కడే నిలబడిపోయింది. ఆ బుధవారం కాగితం ముందు పెన్ను నాలుగు దగ్గరికి వెళ్లింది. నాలుగు తర్వాత మూడు. మూడంటే బుధవారం లేదు.

ఏడు వేసింది.

ఇతరుల కాగితాల్లో చుక్క తప్పితే పట్టుకునే మనిషి, తన కాగితంలో అంకెనే మార్చేసింది. ఆ తర్వాతి వారమూ ఏడే. దాని తర్వాతా ఏడే. నొప్పి మాత్రం తన పాటికి తాను మూడు, రెండు అంటూ దిగిపోతూనే ఉంది.

ఎనిమిదో వారంలో ఫిజియో కాగితం చూసి కనుబొమలు ముడిచింది. "మీతో మొదలుపెట్టినవాళ్లకి తగ్గిందండీ. మీ మెడ చక్కగా తిరుగుతోంది, బిగువు కూడా సడలింది. కానీ నొప్పి ఏడు దగ్గరే ఆగిపోయింది. నాకేదో తేడాగా ఉంది. వచ్చేవారం స్కానుకి రాసిస్తాను." చుక్కమ్మ సరేనన్నట్టు తలూపింది. తలూపడం కూడా ఏ మాత్రం నొప్పెట్టలేదు.

మర్నాడు భోజనాల గదిలో ఆమె ఎదుట హలోగారు కూర్చున్నాడు. ఫిర్యాదుల ఫోన్లు ఎత్తేది ఆయనే. చెవికీ భుజానికీ మధ్య రిసీవరు ఇరికించుకుని రోజంతా రాస్తూనే ఉంటాడు. చెవికి తగిలించుకునే ఫోన్లు తెప్పిస్తామన్నారు గానీ అవి ఇంకా దారిలోనే ఉన్నాయి. ఎవరైనా పిలిస్తే ఆయన తల తిప్పడు, బీరువాని జరిపినట్టు ఒళ్లంతా తిప్పుతాడు. ఆ రోజు నాలుగు ఫైలు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన టిఫిను డబ్బా పెట్టుకుని గడ్డం ఎత్తున తింటున్నాడు.

"ఏమిటండీ ఈ వైభోగం?" అంది చుక్కమ్మ.

"వంగితే మెడ ఊరుకోదు చుక్కమ్మగారూ. అందుకని అన్నాన్నే పైకి రప్పించుకున్నాను. రాజుగారికి కూడా ఉండదిలాంటి దర్జా." నవ్వబోయి, మెడ పట్టుకుని ఆగిపోయాడు. "మా పాపకి మూడేళ్లు. సాయంత్రం గుమ్మంలోనే చేతులు చాపుతుంది, భుజం మీదకి ఎక్కించుకోమని. రోజుకో సాకు చెప్తున్నాను. నిన్న ఏం చేసిందో తెలుసా? అడగడం మానేసింది."

"ఆ బుధవారం వైద్యానికి వెళ్లకపోయారా?"

"అడిగానండీ. నలుగురికే వీలవుతుందట. ముగ్గురికి తగ్గితే ముగ్గురు కొత్తవాళ్లు వెళ్లారు. తర్వాతి పేరు నాదే. ఎవరో ఒకరికి మాత్రం ఎంతకీ తగ్గట్లేదట." ముద్ద ఎత్తుకుంటూ అన్నాడు, "పాపం, ఎవరో గానీ నాకంటే కష్టంలో ఉన్నట్టున్నారు. వాళ్లకి నయమయ్యాకే వెళ్తాలెండి."

చుక్కమ్మ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ శనాదివారాలు ఆమె ఇల్లంతా కడిగింది. కడిగిన అరలే మళ్లీ కడిగింది. ఆదివారం అక్క ఫోను చేసి, "ఎలా ఉన్నావే?" అంటే "బాగున్నాను," అంది. "మెడో?" అంటే "అలాగే ఉంది," అంది. పెట్టేశాక, అక్కకి చెప్పిన ఆ రెండు ముక్కలూ అబద్ధాలేనని తోచింది.

బుధవారం స్టోరు గదిలోకి వెళ్లేసరికి ఫిజియో స్కాను చీటీ సిద్ధంగా పట్టుకుని ఉంది.

"ఆ చీటీ వద్దమ్మా. నాకు నొప్పి లేదు," అంది చుక్కమ్మ.

"లేకపోవడమేమిటి?"

"తగ్గి చాలా వారాలైంది. అయిదు కాగితాల్లో అబద్ధం రాశాను."

ఫిజియో చీటీ బల్ల మీద పెట్టింది. ముఖం మెల్లగా ఎర్రబడింది. "రెండు ఆదివారాలు మీ గురించే చదువుతూ కూర్చున్నానండీ. నా చేత్తోనే మీకేదైనా హాని జరిగిందేమోనని నాకు చదువు చెప్పిన మేడంకి ఫోను చేసి అడిగాను. ఆవిడేమో నేనేం తప్పు చేశానో చెప్పమంది. ఎందుకిలా చేశారు?"

చుక్కమ్మ దారిపొడుగునా ఏవేవో జవాబులు కూర్చుకుంది. తీరా నోరు తెరిస్తే ఒక్కటే వచ్చింది.

"వారం మొత్తం మీద నన్నొక మనిషి ముట్టుకునేది ఈ పది నిమిషాలేనమ్మా."

గోడ మీద గడియారం ముల్లు చప్పుడు వినపడుతోంది. చుక్కమ్మకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు అడుగున ఇంకోటి కూడా కదిలింది: రెండు ఆదివారాలు, అక్క ఫోను తప్ప తను గొంతు విప్పకుండా కూర్చున్న ఆ రెండు ఆదివారాలు, ఈ ఊళ్లోనే ఎక్కడో ఒక మనిషి తన గురించి ఆలోచించింది. అలా తోచినందుకు మరింత సిగ్గుపడింది.

ఫిజియో ఫైలు తెరిచి అయిదు కాగితాలు తీసి ముందు పెట్టింది. "సరైన అంకెలు వెయ్యండి."

చుక్కమ్మ జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, ఎర్ర పెన్ను తీసింది. నాలుగు. మూడు. రెండు. రెండు. ఒకటి. తప్పు కొట్టేసిన ప్రతిచోటా పద్ధతి ప్రకారం పొట్టి సంతకం చేసింది.

"హలోగారున్నారు కదా," అంది లేస్తూ. "ఆయన్ని పంపిస్తాను."

"పంపండి." ఫిజియో తలెత్తలేదు. చుక్కమ్మ గుమ్మం దాకా వెళ్లాక మాత్రం అంది, "నాకింకా కోపంగానే ఉందండీ. అది తగ్గాక మాట్లాడతాను."

"సరేనమ్మా."

హలోగారు ఫోనులో ఎవరినో సముదాయిస్తున్నాడు. చుక్కమ్మ వెళ్లి ఆయన చేతిలోంచి రిసీవరు అందుకుంది. "మీ వంతు వచ్చింది, వెళ్లండి. వీళ్లతో నేను మాట్లాడతాను."

"ఆ మనిషికి తగ్గిందా?" అన్నాడు ఒళ్లంతా ఇటు తిప్పి.

"ఎప్పుడో తగ్గింది. ఆ మనిషిని నేనే."

ఆయన ఆమెని ఒక క్షణం అలా చూశాడు. ఏదో జోకు వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు. ఆయన నెమ్మదిగా లేచి, స్టోరు గదివైపు నడిచాడు. అవతలి గొంతు "హలో, హలో" అని అరుస్తుంటే, "చెప్పండి," అంది చుక్కమ్మ.

ఆ రోజు నుంచి ఆయన ఆమె ఎదుట కూర్చుని తినడం మానేశాడు. మాట్లాడకపోవడమేమీ లేదు. కనపడితే నమస్తే అంటాడు. మూడు వారాలకి పెట్టెలు నాలుగు నుంచి రెండుకి దిగాయని ఆమె దూరం నుంచే చూసింది. వ్యాయామాల దగ్గర ఫిజియో అందరి మోచేతులూ సరిచేస్తూ వచ్చి, ఆమె దగ్గర ఆగకుండా వెళ్లిపోయేది. ఒక శుక్రవారం మాత్రం ఆగి, "మోచెయ్యి పైకి, మేడం," అంది. అందరితో అన్నట్టే.

ఆ ఆదివారం అక్క ఫోను చేసేదాకా చుక్కమ్మ ఆగలేదు. తనే చేసింది.

"ఏమే, నువ్వు చేశావేమిటి? ఒంట్లో బాగానే ఉందా? మెడ ఎలా ఉంది?"

"మెడ బాగుందక్కా. నాకే బాగాలేదు."

అవతల బావగారు రేడియో వింటున్నట్టున్నాడు. అక్క "కాస్త తగ్గించండి," అనడం, రేడియో ఆగడం వినపడింది.

"రెండేళ్ల నుంచి ప్రతి ఆదివారం బాగున్నానంటావేమే మరి?"

"నువ్వు బెంగపడతావని."

"నేను పెళ్లిచేసుకుని నిన్ను ఒంటరిని చేశానా?"

"అలా అనకక్కా. నువ్వు చేసింది మంచి పని. నాకు నువ్వు కావాలంతే. ఒక రెండు రోజులు."

"ఇంట్లో తినడానికేమైనా ఉందా, నన్నే తెచ్చుకోమంటావా?" అంది అక్క.

శనివారం పొద్దున్న బస్సులో అక్క ఒక్కతే వచ్చింది. వస్తూనే వంటగదిలో అరలన్నీ తెరిచి చూసి, "ఏమిటే ఇది, ఆసుపత్రిలా తోమి పెట్టావు?" అని తిట్టింది. ఇద్దరూ కలిసి వండుకుని, కావలసినదానికంటే ఎక్కువ తిన్నారు. బావగారు ఈలలు వెయ్యకుండా నిద్రపోలేడట. గార్డు ఉద్యోగం చేసి చేసి నిద్రలో కూడా బండి కదిలిస్తాడట. చుక్కమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అంతలోనే, సోమవారం పొద్దుటి బస్సుకి అక్క టిక్కెట్టు తీసుకునే వచ్చిందన్నది గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఎండకి కిటికీ రెక్కలు దగ్గరికి వేసి, ఇద్దరూ ఒకే మంచం మీద నడుం వాల్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే అక్క నిద్రలోకి జారిపోయి, అటు నుంచి ఇటు దొర్లి, కాలు తెచ్చి చెల్లెలి మీద వేసింది. అక్క ఈ రెండేళ్లలో కొంచెం ఒళ్లు చేసింది. కాలు చాలా బరువుగా ఉంది. కాసేపటికి చుక్కమ్మ తొడ తిమ్మిరెక్కింది. ఆమె కదలలేదు.