మాట్లాడని బో

మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక ఆ వీధిలో ఆడవాళ్లు క్రోషియా సూదులు పట్టుకుని కిటికీల దగ్గర కూర్చుంటారు. కూర్చుని నోళ్లు మూసుకుంటారు. వాళ్లకి అది మహా కష్టమైన పని, కానీ తప్పదు. అల్లుతూ నోరు జారితే ఆ మాట ఊలులో పడిపోతుంది. పెట్టుకున్నవాళ్ల చెవిలో పలుకుతూనే ఉంటుంది. ఉతికినా పోదు, విప్పి మళ్లీ అల్లినా పోదు.

బస్సు కండక్టరు భార్య సీరియల్ చూస్తూ మొగుడికి టోపీ అల్లింది. సీరియల్లోని అత్తగారిని ఆవిడ తిట్టిన తిట్లన్నీ టోపీలో పడ్డాయి. పాపం ఆయన చలికాలమంతా "నీ మొహం మండ, నీకు పోయేకాలం వచ్చిందే" అని వింటూ టికెట్లు కొడతాడు. ఇంట్లో ఉన్నట్టే ఉంటుందిలే అంటాడు.

లాండ్రీలో చిరుగులు కుట్టే ఆమెని వీధంతా వదిన అనే పిలుస్తుంది. నిజానికి ఆమె వదిన అయింది ఒక్కరికే, భర్త చెల్లెలికి. ఆ పిల్ల నర్సు. ఇద్దరినీ కలిపిన మనిషి పోయి ఏళ్లయింది. అయినా ఆడపడుచు ఇల్లు వదల్లేదు, వదిన పొమ్మనలేదు. వేడినీళ్లు ముందు ఎవరు పోసుకోవాలని రోజూ పోట్లాడుకుంటూ ఒకే ఇంట్లో ఉండిపోయారు. ఎందుకు ఉన్నామని ఒకరినొకరు అడగలేదు. అడిగితే చెప్పాల్సొస్తుంది కదా.

ఇప్పుడు నర్సుకి ఎక్కడో కొండల మీద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పెట్టెలో బట్టలు సర్దుతుంది, మళ్లీ తీస్తుంది, మళ్లీ సర్దుతుంది.

"అక్కడ చలికి చెవులు ఊడిపడతాయంట వదినా."

"ఊడితే నష్టమేముందే? చెప్పిన మాట ఎలాగూ వినవు."

"వినడానికి ఎవరైనా ఏదైనా చెబితేగా!"

ఆ పిల్ల దేనికోసం ఎదురుచూస్తోందో వదినకి అర్థమైంది. ఉండిపోవే అంటే చాలు. కానీ వదిన ముఖాన అనగలిగే మనిషి కాదు. ఇంట్లో ఉన్న ఎర్ర ఊలు తీసి, చెవులు కప్పేటట్టు వెడల్పాటి హెడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. నోటితో అనలేనిది ఊలుతో అనొచ్చని.

మొదటి వరసల్లో "చలిగా ఉంటుంది, చెవులు కప్పుకో" అంది. తర్వాత "వేళకి తిను" అంది. అసలు మాట కోసం గొంతు సవరించుకుంటూ, సవరించుకుంటూ, దాన్ని చివరి వరసలకి దాచుకుంది. బయల్దేరే ముందురోజు సాయంత్రానికి ఆ చివరి వరసలే మిగిలాయి.

సరిగ్గా అప్పుడే రేడియో పిన్ని వచ్చింది. ఆవిడ పక్కింటి దర్జీ. కొలతలు తీసుకోవడం ఆవిడకి ఒక సాకు, ఇంటింటి సంగతులూ తీసుకోవడమే వృత్తి.

"ఏమే అమ్మాయ్, ఆడపడుచు వెళ్లిపోతోందటగా? కళ్లు ఎర్రబడ్డాయేంటి, ఏడ్చావా?"

"నేనా? దేనికేడుస్తాను? పోతే పోనీ పిన్నీ. ఇన్నాళ్లకి ఈ ఇల్లు నాదవుతుంది. పీడా పోతుంది."

పిన్నికి తగిన జవాబు చెప్పానని వదిన గర్వపడింది. ఆ తర్వాత ఒళ్లోకి చూసుకుంది. నోరు మాట్లాడుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చివరి వరసలన్నీ అయిపోయాయి.

"అయ్యో, పడిపోయిందా?" అంది పిన్ని, అల్లిక వైపు వంగి. "అయితే నేను వస్తానే." అంటించాల్సింది అంటించి వెళ్లడంలో ఆవిడని మించినవాళ్లు లేరు.

ఊలు దుకాణం మూసేశారు. బస్సు పొద్దున్నే. ఇంట్లో చిన్న ఉండ ఒకటి మిగిలింది. దానితో రిబ్బను ముడిలాంటి బో ఒకటి అల్లి, పాడు మాట పడ్డచోట కుట్టేస్తే సరి అనుకుంది వదిన. బో ఉన్నవైపే నుదుటి మీదికి పెట్టుకుంటారు. నుదుటికి చెవులు లేవు కదా!

ఆ బో నిండా ఉండిపో అని అల్లొచ్చు. ఊలుంది, సూదుంది, మాటా ఉంది. కానీ పాలతో నోరు కాలినవాళ్లు మజ్జిగని కూడా ఊదుకుంటారు. మళ్లీ ఏం జారుతుందోనని పెదాలు బిగబట్టి, పొడవాటి ముక్క అల్లి, మధ్యలో ఊలు చుట్టి లాగి, ఒక్క అక్షరం కూడా లేని బో తయారుచేసింది. అందంగా కుదిరింది. అందానికేం లోటు లేదు.

బస్సు దగ్గర నర్సు హెడ్‌బ్యాండ్ చూసి చిన్నపిల్లలా మురిసిపోయింది. "నాకోసం అల్లావా వదినా!" అంటూ తలకి తొడుక్కుని, కిటికీ అద్దంలో చూసుకుంది. బో ముందుకుంటే అమ్మమ్మలా ఉన్నాననుకుందేమో, పట్టీని ఓ పక్కకి తిప్పింది. బో సరిగ్గా ఎడమ చెవి మీద కూర్చుంది.

నర్సు అలాగే నిలబడిపోయింది. అద్దంలో మురిసిన ముఖం మెల్లగా మామూలైపోయింది.

వదిన ఇన్నేళ్ల బింకం రోడ్డు మీదే వదిలేసి, "ఉండిపోవే" అంది. ఈసారి నోటితోనే.

ఒక చెవి మీద మందపాటి బో, దాని కింద ఆ పాడు మాట. రెండో చెవిలో వదిన గొంతే, మొదటి వరసల నాటిది.

"ఆ, కప్పుకున్నాలే వదినా" అంది నర్సు. సంచిలోంచి ఇంటి తాళంచెవి తీసి వదిన చేతిలో పెట్టి, వేళ్లు మూసింది. "వేళకి తింటాలే. నువ్వూ హాయిగా ఉండు. ఇల్లు నీదే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వదిన తిరిగి అరిచేది. అరిస్తే బహుశా వినపడేది.

బస్సు కదిలింది. కిటికీలో ఎర్ర బో మలుపు దాకా కనిపించింది. దారి పొడుగునా జనం దాన్ని చూసి ఎంత బాగుందో అనుకునే ఉంటారు.