మామ్మ కొంగుకు తగిలించిన మైకు

నేను ఒక కాలర్ మైకును. బఠాణీ గింజంత తల, సన్నటి నల్ల వైరు, బట్టను పట్టుకునే క్లిప్పు, అంతే నా ఒళ్లు. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. కాకినాడలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన దగ్గర పెరిగాను. నన్ను తగిలించగానే మనుషులు గొంతు మార్చేస్తారని అక్కడే తెలిసింది. అంతదాకా అరుచుకున్న వియ్యంకులు కూడా నా ముందు ఎంతో మెత్తగా మాట్లాడేవారు.

వైరు లేని మైకులు వచ్చాక ఆయన నన్ను ఉప్పాడలోని మేనకోడలు నూకరత్నానికి ఇచ్చేశాడు. రత్నం బీఎస్సీ మొదటి సంవత్సరం. తాము చేయాలనుకునే పని గురించి చిన్న వీడియో కథ చెప్పమని ఆన్‌లైన్ కెరీర్ క్లాసులో అడిగారు. ఏం చేయాలో రత్నానికే తెలియదు. ఈ సెలవుల్లో తేల్చుకోకపోతే బ్యాంకు కోచింగ్‌లో వేస్తానన్నాడు నాన్న.

"పెద్దలకు, గురువులకు నా నమస్కారములు" అంటూ, బడిలో వక్తృత్వపు పోటీకి నిలబడినట్టు, రత్నం బ్యాంకు ఉద్యోగం గొప్పతనం చెప్పింది. భయంతో ఊపిరి బిగబట్టింది. ఆమె గుండె చప్పుడే నాకు ఎక్కువగా వినబడింది.

వీడియో చూసి, ఆ క్లాసు చెప్పే సుభాషిణి మేడమ్ ఫోన్‌లో నవ్వింది. "ఉపన్యాసం బాగుందమ్మా. ఇందులో నువ్వెక్కడున్నావు? ఇంట్లో నువ్వు ఇష్టంగా చేసే పనేదో చూపించు."

రత్నం ఆలోచించి, నన్ను మామ్మ కొంగుకు తగిలించింది. వీధి వీధీ తిరిగి చేపలమ్మిన ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రత్నం రోజూ చేపల బుట్ట ముందు పెట్టుకుని, ఒక్కో చేపా ఎత్తి చూపిస్తూ కావాలనే తప్పు పేర్లు చెబుతుంది. చేపలమ్మిన మనిషి తప్పు పేరు విని ఊరుకోగలదా?

"మామ్మా, ఈ చందువా ఎలా నిగనిగలాడతందో చూడు!"

మామ్మ తల అడ్డంగా ఊపింది.

"కాదా? అయితే వంజరం."

మామ్మ పెదాలు వణికాయి. "కా... కానా... కానాగంతే, మొద్దు మొహమా!"

"అబ్బో! తిట్టు మాత్రం తడబడకుండా వచ్చేసిందే!"

ఆ నవ్వుతో సహా వీడియో వెళ్లింది. సాయంత్రం మేడమ్ మళ్లీ ఫోన్ చేసింది. "నువ్వు చేస్తున్న పనిని స్పీచ్ థెరపీ అంటారు రత్నం. దానికి చదువు కూడా ఉంది."

పక్కనే ఉన్న నాన్న వీడియో మళ్లీ పెట్టించుకుని విన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "మా అమ్మ నోట తిట్టు విని ఎన్నాళ్లయ్యిందే! అదే చదువుకో."

రత్నం అప్పుడు వదిలిన ఊపిరి కంటే హాయైన చప్పుడు నేనింతవరకు వినలేదు.

ఇప్పుడు రత్నం విశాఖలో ఆ చదువే చదువుతోంది. నా వైరు తెగింది. అయినా మామ్మ నన్ను కొంగుకు తగిలించుకుని, మనవరాలికి వినబడుతుందనుకుంటూ చేపల పేర్లు చెబుతుంది, మధ్యలో తిడుతుంది. నేను పనిచేయడం లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నా ముందు గొంతు మార్చని మనిషి ఆమె ఒక్కతే.