దూలానికి గాజుబట్ట

ఇరవై ఏళ్ళుగా మేస్త్రీల చేతికింద నీళ్ళూ సున్నం అందించే చిత్తాళుగా పనిచేస్తున్న తాయమ్మకు ఒక్కటే లెక్క. గోడైనా దూలమైనా, పూతకు ముందు తడపాల్సిందే. అందుకే ఆ పొద్దున ఎవరూ చెప్పకుండానే కల్యాణమండపం దూలానికి నాలుగు కుండల నీళ్ళు కుమ్మరించింది. ఇంకేముంది, కొంప మునిగింది.

ఆ దూలం కట్టింది ఆమె మొగుడు, మేస్త్రీ తిమ్మరాయన్. దాని మీద నీళ్ళతొట్టి ఎక్కించి బీట వారేలా చేసింది మండపం యజమాని కన్నప్పన్. పేరు పోయింది మాత్రం మేస్త్రీది. ఆరు నెలలుగా ధర్మపురిలో ఒక్కరూ అతన్ని పనికి పిలవలేదు. దూలాన్ని పడగొట్టిస్తానన్న కన్నప్పన్‌ను ఇంజనీరు వేదవల్లి ఎలాగో ఆపింది. గాజునారతో నేసిన బట్టను రసాయనపు జిగురుతో దూలం అడుగున అంటిస్తే బరువు మోస్తుందట. ఎనభై ఏడులో ఆ ఊళ్ళో అలాంటి మాట విన్నవాళ్ళెవరు?

"తడి మీద ఈ జిగురు పట్టదు తాయమ్మా," అని వేదవల్లి తల పట్టుకుంది. తాయమ్మకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. కుంపట్లు తెచ్చి, పరంజా మీద పెట్టి, దూలం కింద రాజేసింది.

మూడో రోజు వేదవల్లి చేత్తో తడిమి ఆరిందంది. తాయమ్మ అడ్డం నిలబడింది.

"పైన ఆరింది గాని లోపల ఇంగా ఉందమ్మా."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు కన్నప్పన్ విసుగ్గా.

"ఇన్నేళ్ళు తడిపినదాన్ని. నాకు తెలీకుంటే ఇంగెవరికి తెలుస్తుంది సామీ?"

బూడిద జల్లించి దూలానికి పూసింది. అరగంటకల్లా లోపలి తడి పీల్చి బీట పక్కన బూడిద నల్లబడింది. కన్నప్పనే ఇంకో బస్తా బొగ్గులు తెప్పించాడు. ఇంకో రెండు రోజులు కుంపట్లు రగిలాక బూడిద తెల్లగా నిలిచింది. అప్పుడు దూలాన్ని గరుకు ఉప్పుకాగితంతో గీకి, శుభ్రంగా తుడిచి, గాజుబట్ట అంటించారు.

పది రోజుల తర్వాత తొట్టి బరువుకు రెండింతలు ఇసుకమూటలు పైన పేర్చడం మొదలుపెట్టారు. జనం బయటే నిలబడ్డారు. తాయమ్మ మాత్రం తిన్నగా పోయి దూలం కింద నిలబడింది. ఇవతలికి రమ్మని వేదవల్లి ఎంత అరిచినా కదల్లేదు. చివరి మూట పడింది. వేదవల్లి పరంజా ఎక్కి దూలం పక్క బీటను కొలిచింది. వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

జనంలోంచి, పక్కూరు ఇండూరు నుంచి వచ్చిన సిద్ధరాజ్ ముందుకొచ్చాడు. "తిమ్మరాయా, మా మిద్దె పని ఎప్పుడు మొదలుపెడతావు?"

"దాన్నే అడుగన్నా. అది సరేనంటేనే నేను తాపీ పట్టేది," అన్నాడు తిమ్మరాయన్ తాయమ్మను చూపిస్తూ.

తాయమ్మ అప్పుడు దూలం కిందనుంచి ఇవతలికొచ్చింది.

"సోమవారం వస్తాము," అంది.