టేకు బద్దల కింద

పడవలో కూర్చునే చోట పరిచిన టేకు బద్దలు అరిగి అరిగి అట్టముక్కల్లా పల్చబడ్డాయి. స్క్రూల తలలు పైకి తేలి, కూర్చున్నవాళ్ళ బట్టలు చింపుతున్నాయి. "ఈ పడవెక్కితే లాభమంతా దర్జీకే" అని మామగారు నవ్వేవారు. బద్దలు మార్చే మాటెత్తితే మాత్రం "చూద్దాంలే" అని దాటేసేవారు. చివరికి కోడలే పూనుకుంది. ఆమె కుర్చీలూ మంచాలూ చేసే వడ్రంగి. పడవపని కొత్తేగానీ టేకు కొత్త కాదు. ఆదివారం తొమ్మిదేళ్ళ కూతురు తాతతో తెరచాప ఎత్తించుకుని షికారుకి వెళ్ళాలి. ఆరోజు శుక్రవారం.

పడవని ఒడ్డున దిమ్మల మీద నిలబెట్టారు. ఆమె ఉలిని మొదటి బద్ద కిందకి దూర్చి సుత్తితో తట్టింది. బద్ద కిర్రుమంటూ లేచింది. రెండోదాని దగ్గర ఉలి ఆగలేదు, పిడిదాకా దిగిపోయింది. కిందున్న ప్లైవుడ్ నానిన రొట్టెలా ఉంది. పాత స్క్రూ కంతల్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగినట్టున్నాయి.

కుళ్ళు ఎందాకా పాకిందో చూద్దామని సీటు కింది నిలువు చెక్క మీద వేళ్ళతో కొడుతూ పోయింది. టకటకమంటున్న చెక్క స్టీలు రింగు దగ్గరికొచ్చేసరికి మొద్దుగా పలికింది. రంగు గీకితే తెల్లగా లప్పం. గోడలకి పూసే లప్పం.

ఆ రింగుకే పిల్ల నడుము పట్టీ కడతారు, అల పెద్దదొస్తే నీళ్ళలో పడకుండా.

రెండు వేళ్ళు దూర్చి లాగింది. రింగు నాలుగు స్క్రూలతో సహా ఊడి చేతిలోకొచ్చింది.

నిచ్చెన దగ్గర నిలబడ్డ మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ లప్పం ఎవరు పూశారు మావయ్యా?"

ఆయన నీళ్ళు నమిలారు. "పోయినేడు... కాస్త మెత్తబడిందని..."

"మీకు తెలుసా? తెలిసే పిల్లని తీసుకెళ్ళారా? ఎన్నిసార్లు?"

"పదకొండు సార్లమ్మా."

లెక్క తడుముకోకుండా వచ్చింది. ప్రతిసారీ ఆయన ఎంత భయపడ్డారో ఆ అంకెలోనే ఉంది. దాంతో ఆమెకి ఒళ్ళు ఇంకా మండింది.

"మీ అబ్బాయికి ఒక్క ముక్క చెప్పలేకపోయారా?"

"చెబితే అమ్మేసేవాడు తల్లీ. పడవ లేకపోతే పిల్ల నా దగ్గరికెందుకొస్తుంది? నాకేం కథలొచ్చా, ఆటలొచ్చా?"

ఆమె నిచ్చెన దిగి గేటుదాకా విసవిసా నడిచింది. ఫోన్ తీసి భర్త నంబరు నొక్కింది. అవతల మోగకముందే ఆపేసింది. ఈ మాట మామగారి నోటితోనే రావాలి. వెనక్కొచ్చింది.

"సాయంత్రం మీరే చెబుతారు. నేను పక్కన కూర్చుంటాను, మాటసాయం మాత్రం చెయ్యను. ఇప్పుడా రంపం అందుకోండి."

మధ్యాహ్నందాకా ఇద్దరూ ముక్తసరి మాటలతోనే పనిచేశారు. కుళ్ళంతా కోసి, గట్టి చెక్క తగిలేదాకా చెక్కి, కొత్త ప్లైవుడ్ కొలిచి కోశారు. రెండు డబ్బాల్లో విడివిడిగా వచ్చే జిగురు కలిపి పూసేసరికి ఉన్నట్టుండి గాలి తిరిగింది, మబ్బు కమ్మింది. అరగంటలో గట్టిపడే జిగురది. ఈలోపు తడి తగిలితే పట్టదు. మళ్ళీ స్క్రూలు దింపి కంతలు పెట్టనని ఆమె ముందే ఒట్టు పెట్టుకుంది. బరువుకి ఇటుకలు పేర్చింది, చాల్లేదు. చెక్క ఒక మూల లేస్తూనే ఉంది.

"నేను పడుకుంటాను" అన్నారు మామగారు. ఆ మూల మీద బోర్లా పడుకుని రెండు చేతులతో అంచులు అదిమిపట్టారు.

వాన మొదలైంది. ఆమె ఆయన మీదుగా టార్పాలిన్ లాగి, గాలికి ఎగరకుండా రెండు కొసలూ తాడేసి కట్టింది, మిగతా రెండూ తనే పట్టుకుని నిలబడింది. తాడు అరచేతుల్ని కోసేస్తోంది.

"జారిందా మావయ్యా?"

"లేదు."

"ఇంకో పది నిమిషాలు."

"గంటైనా ఉంటా."

గంటే ఉన్నారు. వాన వెలిశాక ఆమె ఉలి మొన అతుకులో పెట్టి నొక్కింది. దిగలేదు. లేపబోతే ఆయన నడుము పట్టేసింది. చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెట్టింది.

ఆ సాయంత్రం ఆయన కొడుక్కి చెప్పారు, లప్పం సంగతితో సహా. కొడుకు ముద్ద కలుపుతున్నవాడు చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. వారం రోజులు తండ్రితో మాట్లాడలేదు. "ఆదివారం షికారు లేదు" అంటే పిల్ల ఏడ్చి నానా యాగీ చేసింది. ఎవరూ కరగలేదు.

తరవాతి వారం కోడలు కొత్త టేకు బద్దలు చిత్రిక పట్టి, స్క్రూల్లేకుండా జిగురుతోనే అతికించింది. రింగుకి వెనక స్టీలు పలక వేసి బోల్టులు బిగించింది. భర్త వచ్చి, చెప్పులు విప్పి, రింగుకి తాడు కట్టి తన బరువంతా వేసి లాగాడు. అది కదల్లేదు.

"పడవ అమ్మనులే. కానీ నాన్నతో పిల్ల వెళ్ళాలంటే నువ్వూ వెళ్ళాలి" అన్నాడు భార్యతో.

నీళ్ళంటే హడలిపోయే మనిషి, సరేనంది. మొదటిరోజు తెరచాప నిండా గాలి పట్టి పడవ ఒక పక్కకి ఒరగ్గానే కడుపులో దేవింది. పిల్ల కిలకిలా నవ్వింది.

"ఒడ్డెప్పుడొస్తుంది మావయ్యా?"

"ఇప్పుడేగా తల్లీ బయల్దేరాం" అన్నారాయన, చుక్కాని వదలకుండానే నిమ్మకాయ అందిస్తూ.