గిల్లిన ముద్ద

పోలీసు లాఠీ సంగటి ముద్దలో దిగింది.

మిట్టమధ్యాహ్నం. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి కంట్రాక్టరు వేయిస్తున్న కంకర రోడ్డు మీద అప్పుడే సుత్తులు పక్కన పడేసి సద్దిమూటలు విప్పుకుంటున్నాం. లారీ వచ్చి ఆగింది. ఎస్సై దిగాడు, వెనకే తుపాకులతో స్పెషల్ పోలీసులు దిగారు. ఆడవాళ్లందరినీ మూటలు ముందు పెట్టుకుని వరసగా నిలబడమన్నారు.

"కూడు తినే యేళ ఇదేంది దొరా?" అని ముసలి లిదియమ్మ అడిగింది. ఆమెకు జవాబు చెప్పేంత తీరిక పోలీసులకు లేదు. ఒక్కో మూట విప్పుతున్నారు, ముద్ద నెత్తిన ఏముందో చూస్తున్నారు, కాలితో పక్కకు నెడుతున్నారు. తిరుపాలమ్మ ముద్దను లాఠీతో పొడిచి కంకరలోకి దొర్లించారు. వానల్లేక చేలు బీడుపడి, పైవీధి రైతు ఇళ్ల నుంచి కూలికొచ్చిన మొదటి ఆడమనిషి ఆమె. దొర్లిపోయిన ముద్ద వైపే చూస్తూ నిలబడింది. కరీంబీ మూట దగ్గరికొచ్చి, జొన్నరొట్టె అంచు కనబడగానే, విప్పకుండానే దాటిపోయారు. మేమంతా అది చూశాం.

వెంగమ్మ మూట దగ్గర ఎస్సై ఆగాడు. జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో ఎండి పగుళ్లిచ్చిన సంగటి ముద్ద ఒకటి ఉంది. దాన్ని వెంగమ్మ ముద్ద పక్కన పెట్టాడు. రెండింటికీ నెత్తిన చిటికెడు గిల్లిన గుంట ఉంది.

"ఇది కొండ మీద గుహలో దొరికింది. ఇది నీ మూటలోది. ఏమంటావే?"

"సంగటికి నోరుండాదా అయ్యా, సాక్ష్యం చెప్పేదానికి?" అంది వెంగమ్మ.

చెంప పగిలింది. జుట్టు పట్టుకుని లారీలోకి ఎక్కించారు. ఆమె ముద్దను మాత్రం కాగితంలో చుట్టి, నలగకుండా రెండు చేతులా పట్టుకుని తీసుకెళ్లారు. ఈ సర్కారు మా కూటిని అంత భద్రంగా చూడటం నేను అదే మొదలు చూడటం.

కూలీ సంఘాన్ని నిషేధించిన కాలం అది. వినే పిల్లలకు ఆనాటి సంగతి ఒకటి చెప్పాలి. ఊరవతల మా పాలెంలో ఆ సంఘం పెట్టిన సామ్యేలును బతికుండగానో చచ్చాకో పట్టాలని పోలీసులు ఉదయగిరి సత్రంలో క్యాంపు పెట్టారు. అతనూ ఇంకొందరూ దుర్గం కొండల్లో ఉన్నారు. కొండ మీద రాయి దొరుకుతుంది, కూడు దొరకదు. అందుకని పోలీసుల కన్ను మా పొయ్యిల మీద పడింది. ఏ ఇంట్లో పొగ ఎక్కువసేపు లేస్తుందో చూసేవాళ్లు. ఒంటిమనిషి మూట లావుగా ఉంటే మేస్త్రి మాల్యాద్రి చేత్తో ఎత్తి బరువు చూసేవాడు. ఎవరైనా అర ముద్ద మిగిల్చి మూటగట్టుకుంటే పక్కవాడు చూసేవాడు, ఆ పక్కవాణ్ణి ఇంకొకడు చూసేవాడు. గట్టిగా దగ్గినా అనుమానమే.

కూడు తెల్లవారుజామునే కట్టుకోవాలి. నూకలు ఉడికాక రాగిపిండి పోసి, ఉదయగిరి చెక్క తెడ్డుతో భుజాలు నొప్పెట్టేలా కెలికి, చేతులు తడుపుకుని ముద్దలు చెయ్యాలి. నంజుకోవడానికి గోంగూరో, చింతకాయ తొక్కో, అదీ లేకపోతే ఉల్లిపాయో. వెంగమ్మ పుట్టిల్లు పెన్న అవతలి ఒడ్డు. ముద్ద చేయగానే నెత్తిన చిటికెడు గిల్లి పొయ్యిలో వెయ్యడం ఆమె పుట్టింటి ఆచారం. ముందు పొయ్యికి పెట్టాలని వాళ్లవ్వ నేర్పింది. మా ఊళ్లో ఆ అలవాటు ఇంకెవరికీ లేదు. కొండకు కూడు పంపేటప్పుడు కూడా ఆమె చెయ్యి ఆ పని మానలేదు. ప్రాణం మీదికి వస్తుందని తెలిసినా, పొయ్యికి పెట్టకుండా కూడు మూటగట్టడం ఆమెకు తెలియదు.

ఆ సంగతి పోలీసులకు ఎవరు చెప్పారు?

పొద్దు వాలుతుండగా కంకర గుట్టల వెనక చేరాం. పాలెం వాళ్లం ఒక పక్క, పైవీధి వాళ్లు కాస్త ఎడంగా, కరీంబీ ఒక్కతే మరో పక్క. మధ్యాహ్నం కూడు తినేటప్పుడు కూడా మా కూర్చోవడం ఇంతే. ఒకే రాయి కొడతాం గానీ మూటలు విప్పే చోట మాత్రం ఎవరి గీత వాళ్లదే. ఆ గీతలు కంట్రాక్టరుకు ఎంత మేలు చేస్తున్నాయో అతనికి తెలుసు, మాకు తెలియదు.

"రేపు మధ్యాన్నం దాటినాక వెంగమ్మను కొండెక్కిస్తారంట, దారి చూపిమ్మని," అంది కరీంబీ.

పోయిన ఏడు సంఘంలో తిరిగిన హుసేనయ్యను కూడా దారి చూపించడానికే కొండెక్కించారు. మరునాడు శవం దిగింది. ఎదురుకాల్పులు జరిగాయని కాగితాల్లో రాసుకున్నారు. అతని చేతులు తాడుతో కట్టి ఉండటం మేమంతా కళ్లారా చూశాం.

"నీకెట్టా తెలుసు?" అన్నాడు మా పాలెం గోపాలయ్య, పైకి లేచి.

"మా ఆయన క్యాంపుకు నీళ్లు తోల్తాడు గదా. ఆడ అనుకుంటుంటే ఇన్నాడు."

"ఓహో! నీళ్లే తోల్తాడా, మాటలు కూడా తోల్తాడా? ఈడ్నించి ఆడికి?"

"నోరు బాగా రానీ గోపాలన్నా!"

"నీ మూట ఎందుకిప్పలా వాళ్లు? అందరియ్యీ ఇప్పినారే! నీది చూసి మొకం తిప్పుకున్నారే!"

"నాది రొట్టె! వాళ్లకు కావాల్సింది సంగటి!"

"వాళ్లకు సంగటి కావాలని నీకెవరు చెప్పినారు?"

మాట మీద మాట లేచింది. కరీంబీ మొగుడు ఖాదర్ బాషా బండి సత్రం ముందు ఆగి ఉండగా చూశామని ఒకరు, పోలీసు అతనికి బీడీ ఇచ్చాడని ఇంకొకరు. నిన్నటిదాకా ఎవరూ లెక్కచెయ్యని బీడీ ఆ సాయంత్రం పెద్ద నేరమైంది. కరీంబీ కళ్లు తుడుచుకోలేదు. "అల్లా చూస్తా ఉండాడు. నా రొట్టె ఉప్పు కూడా వెంగమ్మ ఇచ్చిందే. దాన్నెట్టా పట్టిస్తా?" అంది. ఆ మాట మాలో ఎవరికీ ఎక్కలేదు.

అప్పుడు తిరుపాలమ్మ ఎడంగా కూర్చున్న చోటు నుంచి లేచింది. కొంగు నోట్లో కుక్కుకుని వచ్చి మా మధ్య నిలబడింది.

"ఆమెను అనబాకండి. చెప్పింది నేను."

గోపాలయ్య ఆమె వైపు తిరిగాడు.

"మొన్న మేస్త్రి మా ఇంటికొచ్చినాడు. తువాలులో ముద్ద చూపిచ్చినాడు. 'ఎవురో దారిలో పారేసుకున్నారు, పాపం పస్తుంటారు, ఎవురిదో చెప్తే ఇచ్చేస్తా'నన్నాడు. ఈ కరువులో కూడు పోగొట్టుకుంటే ఎంత బాధో నాకు తెలవదా? నెత్తిన గిల్లుండాది. ఒకనాడు వెంగమ్మ ముద్ద చూసి 'ఏందిమే, ఎలక కొరికిందా' అని ఎగతాళి చేసుంటి. పొయ్యి సంగతి అప్పుడు చెప్పింది. అదే మేస్త్రితో అన్నా. పస్తుండకూడదని చెప్పినానే గానీ, పట్టిస్తాడని నాకేం తెలుసు నాయనా?"

నాకు ఒళ్లు మండిపోయింది. తిరుపాలమ్మ మీద కాదు. ఆకలిగొన్నవాళ్లకు సాటివాళ్ల ఆకలి మీద ఉండే జాలిని కూడా ఎరగా వెయ్యవచ్చని కనిపెట్టిన ఆ మాల్యాద్రి తెలివి మీద, దాన్ని కొనుక్కున్న కంట్రాక్టరు మీద, వాళ్లిద్దరికీ కాపలా కాసే తుపాకుల మీద.

"ఇంక మనం కొట్లాడుకుంటే వాడి పని తేలిక," అంది లిదియమ్మ. "వెంగమ్మను ఎట్టా కాపాడుకోవాల, అది చెప్పండి."

"ఎస్సై చేతిలో ఉండేది ఆ గిల్లే గదా," అంది తిరుపాలమ్మ. "రేపు మనమంతా గిల్లుదాం. మా పొయ్యీ, మీ పొయ్యీ. అప్పుడు ఎవురిదని పట్టుకుంటాడు?"

"మీ పైవీధోళ్లు మా పాలెం ఆడమనిషి ఆచారం చేస్తారా?" అన్నాడు గోపాలయ్య నమ్మకం లేక.

"చేస్తా. మా ఆయన అడ్డమొస్తే ఆయనకు కూడు పెట్టను."

అప్పటిదాకా బిగుసుకుపోయిన మొహాల్లో చిన్న నవ్వు కదిలింది. పని మానెయ్యాలి, తెల్లారి అందరూ మూటలతో సత్రం దగ్గరికే రావాలి, వెంగమ్మను కొండ వైపు కదలనివ్వకూడదు. మాట ఖాయమైంది. లేచి వెళ్తుంటే కరీంబీ అడిగింది: "నాది రొట్టె గదా. నేనేం చేయాల?"

వినిపించుకోనట్టు ఎవరి దారిన వాళ్లు నడిచారు. తిరుపాలమ్మ తప్పు ఒప్పుకున్నా, బండి మాత్రం క్యాంపుకే పోతోంది గదా! అనుమానం ఒకసారి చొరబడితే ఓ పట్టాన వదిలిపోదు.

మరునాడు తెల్లవారుజామున పాలెంలోనూ, పైవీధిలోనూ తెడ్లు ఆడాయి. ముద్ద చేసిన ప్రతి చెయ్యీ నెత్తిన చిటికెడు గిల్లింది. ఇన్నేళ్లూ మా ఊరి పొయ్యిలు వండటమే గానీ తిని ఎరగవు. ఆ పొద్దు అన్నీ తిన్నాయి.

సత్రం ముందు మూటలన్నీ విప్పి, వరసగా పెట్టి, వాటి వెనక ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్ల వెనక మేమంతా సుత్తులు లేకుండా నిలబడ్డాం. కరీంబీ మాత్రం ఎక్కడా లేదు. గోపాలయ్య నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

ఎస్సై వసారాలోకి వచ్చాడు. వరసలో మొదటి ముద్ద చూశాడు. రెండోది చూశాడు. ఆ తర్వాత చివరిదాకా చూడాల్సి వచ్చింది.

"ఏంటీ నాటకం?"

"కొండకు కూడు పోయింది ఈ చేత్తోనే దొరా," అంది తిరుపాలమ్మ తన ముద్ద ఎత్తి చూపించి. "నన్నెక్కియ్యి లారీ."

"నన్ను కూడా!" అంది లిదియమ్మ. "నన్ను!" "నన్ను!" గొంతులు కలిసిపోయాయి. పైవీధి గొంతేదో, పాలెం గొంతేదో నాకు తెలియలేదు.

కంట్రాక్టరు గుర్రపుబండిలో వచ్చి దిగాడు. రోడ్డు ఆగితే పైవాళ్లకు ఏం చెప్పుకోవాలని అతని ఏడుపు. "పనిలోకి పోండర్రా, ఆ ఒక్కదాని కోసం మీరంతా ఎందుకు చెడతారు?" అన్నాడు.

"ఒక్కదాని కోసం కాదు, ఒక్కదాన్ని చేసి చంపుతున్నారని," అన్నాడు గోపాలయ్య. ఆ మాట అన్నది నిన్న కరీంబీ మీద ఎగిరిన గోపాలయ్యే.

మాల్యాద్రి కంట్రాక్టరు వెనకాల నక్కాడు. తిరుపాలమ్మ చూసింది. "ఏం మేస్త్రీ, ఈ ముద్దలు ఎవురు పారేసుకున్నారో చెప్పబ్బా! తీసకపోయి ఇచ్చేద్దువు!" అంది. వందల కళ్లు ఒక్కసారిగా అతని మీద పడ్డాయి. అతను గుర్రం చాటుకు పోయాడు.

వెంగమ్మను బయటికి తెచ్చారు. పెదవి వాచి ఉంది, ఒక కన్ను మూసుకుపోయింది. తెరుచుకున్న ఒక్క కంటితో ముద్దల వరసను చూసింది. కాసేపు ఆమెకేమీ అర్థం కాలేదు. తర్వాత ఆ వాచిన పెదవితోనే నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపు ఆగలేదు.

ఆమెను లారీ ఎక్కించి కొండ దారి పట్టించబోయారు. ఆడవాళ్లంతా లేచి లారీ ముందు పడుకున్నారు. లాఠీలు లేచాయి. బూట్లు ముద్దల మీదుగా, చేతుల మీదుగా నడిచాయి. లిదియమ్మ తల పగిలింది. ఒక్కరూ లేవలేదు. "కొండకు వద్దు! పట్టపగలు కోర్టుకు తీసకపో! ఆత్మకూరికి తిప్పు!" అని అరుస్తూనే ఉన్నారు. బజారు మూసేసి జనం వచ్చారు. చెక్క గరిటెలు చెక్కేవాళ్లు పనిముట్లు వదిలేసి వచ్చారు. ఎస్సై తుపాకులెత్తమన్నాడు గానీ, అంత జనంలో కాల్పులకు ఏ కథ రాయాలో అతనికే తోచలేదు. పొద్దు నడినెత్తి దాటాక లారీ మూతి ఆత్మకూరు వైపు తిరిగింది. వెంగమ్మతోపాటు తిరుపాలమ్మను కూడా ఎక్కించారు. పైవీధి ఆడమనిషి పాలెం ఆడమనిషి భుజం మీద చెయ్యేసి నిలబడి వెళ్లింది. లారీని పరుగెత్తనివ్వకుండా ముందూ వెనకా సగం జనం నడిచి వెళ్లారు, వాళ్లిద్దరూ కోర్టు మెట్లు ఎక్కేదాకా కన్ను తియ్యకుండా.

మిగిలినవాళ్లం సత్రం ముందు కూలబడ్డాం. నలిగిన సంగటి దుమ్ములో కలిసిపోయి ఉంది. పారేసేవాళ్లం కాదు కదా. పైపొర తీసేసి, ఊది, పిడికిళ్లతో పోగు చేశాం. ఏది ఎవరి ఇంటిదో చెప్పడం ఇక దేవుడి తరం కూడా కాదు. ఒకే చోట కూర్చుని తిన్నాం.

"కరీంబీ రాలా, చూసినావా?" అన్నాడు గోపాలయ్య, గొంతు తగ్గించి.

నేనేమీ అనకముందే కొండ దారిలో కట్టెల మోపుతో ఒక ఆడమనిషి దిగుతూ కనిపించింది. పొద్దున పోలీసులంతా మా ముద్దల ముందు నిలబడి ఉన్నప్పుడు, కొండ దారిలో కాపలా లేదు. కట్టెలకని పోయే రొట్టె మూటను ఎప్పుడూ ఎవరూ విప్పలేదు. కరీంబీ మోపు దించి, మా మధ్య చోటు చేసుకుని కూర్చుంది. ఒడిలోంచి ఖాళీ గుడ్డ తీసి దులిపింది. రొట్టె పొడి రాలింది.

లిదియమ్మ తలకు కట్టిన గుడ్డ సర్దుకుంటూ తన పిడికిట్లో సంగటి ఆమె చేతిలో పెట్టింది.

"సామ్యేలు అడిగినాడు," అంది కరీంబీ నములుతూ, "రొట్టె అంచు గిల్లుండాదే, ఎవురు చేసిందని."

"ఏం చెప్పినావు?" అన్నాడు గోపాలయ్య.

"రోడ్డు పనోళ్లమంతా అని చెప్పినా. ఆడ ఆకలి చానా ఉండాది గోపాలన్నా. నా ఇంట్లో పిండి అయిపోయింది. రేపటికి ఎవురిస్తారో చెప్పండి."