తారుమారైన ఫారాలు

మూడో కడుపు కూడా నిలవలేదు. మా అత్తగారి లెక్కలో తప్పు నా కాళ్లది. మా బైండింగ్ షాపులో కటింగ్ మిషన్ దగ్గర రోజంతా నిలబడతాయట. "చిలక్కి చెప్పినట్టు చెప్పాను, వింటేగా!" అని మూడేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ అంటున్నారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది.

ఇవాళ డాక్టరమ్మ మా ఇద్దరి రక్తపరీక్షల కాగితాలు ముందు పెట్టింది. నా క్రోమోజోములు సవ్యంగానే ఉన్నాయి. మా ఆయనలో మాత్రం రెండు క్రోమోజోముల ముక్కలు ఒకదానివి ఒకదానికి మారి అతుక్కున్నాయట. ఏదీ పోలేదు కనుక మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. బిడ్డకు వెళ్లేది అందులో సగమే, తేడా అక్కడే వస్తోంది.

షాపుకొచ్చి తాళం తీస్తూ అన్నాడాయన:

"ఓసారి రెండు సంపుటాల్లో చెరో పదహారు పేజీల ఫారం తారుమారు చేసి కుట్టేశాను, గుర్తుందా? రెండూ కొన్నవాళ్లకి ఒక్క పేజీ తక్కువ కాలేదు. ఒకటే కొన్నాయన వచ్చి దులిపేశాడు. నా ఒంట్లో ఉన్నదీ అదే కదా?"

"అదే. కానీ సరిగ్గా అమరిన బిడ్డ కూడా పుట్టొచ్చు అంది డాక్టరమ్మ. అది విన్నారా?"

తలూపాడు. "అమ్మకి చెప్పొద్దే" అన్నాడు.

"మూడేళ్లు మాటలు పడింది నేను. పైగా మీ చెల్లెలికీ పరీక్ష చేయించమంది. ఇవాళ మీరు చెప్పకపోతే నేనే చెప్తాను."

భోజనాల దగ్గర తల వంచుకుని చెప్పాడు. అత్తగారు ఏమంటే ఏమనాలో నేను ముందే సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"అయితే... నిలబడినందుకు కాదా?"

"కాదమ్మా. తను ఏ పని చేసినా, చెయ్యకపోయినా ఇంతే. నాకిది నీ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండొచ్చట."

ఆవిడ కంచం పక్కకి తోసేశారు.

"నీకు ముందు నాకూ రెండు పోయాయిరా. ఒక్కదాన్నే బీరువా జరిపానని మా అత్త అంది. నిజమే కాబోలు, నేనే చంపుకున్నాననుకున్నాను. ఇన్నేళ్లూ."

దాచుకున్న మాటల్లో ఒక్కటీ నా నోట్లోంచి రాలేదు. లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మీ తప్పు కాదత్తయ్యా" అన్నాను.

మూడేళ్లుగా నాతో ఎవరైనా అంటారేమోనని చూసిన మాట అది.