మిశారి దెబ్బలు

మ్యాచ్ ఉన్న రోజు సంజీవమ్మ వంట పెందలాడే ముగించేది. మాంసం దించి, గిన్నెలు తుడిచి, నడుముకు పాత చీరముక్క బిగించి, మోకాళ్ళకు నొప్పుల మందు పట్టించి, వంటింటి మూల పరుపేసుకుని కూర్చునేది. ఆ పూట ఆమె చేతికి గాజు సామాన్లు ఇవ్వొద్దని మామా, అంటే ఆ అరబ్బు ఇంటి యజమానురాలు, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచింది. ఒకసారి అలాగే పెద్ద గాజుపళ్ళెం కడుగుతుంటే మోచేతికి దెబ్బ తగిలి పళ్ళెం ముక్కలైంది. మామా చాలా రోజులు ఆ పళ్ళెం గురించి బాధపడింది. మోచేయి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ దెబ్బలు మిశారివి. మిశారి మామా చిన్నకొడుకు, ఐస్ హాకీ ఆడతాడు. ఎడారిలో మంచు మీద ఆటేమిటంటే, డబ్బున్నవాళ్ళకు కావలసిన చోట మంచు పడుతుంది. ఊళ్ళో ఐస్ రింకు ఉంది. బయట మాడు పగిలే ఎండ, లోపల పళ్ళు టకటకలాడే చలి. మిశారిది డిఫెన్స్. అంటే గోలుకు అడ్డంగా ఉండి, దూసుకొచ్చేవాణ్ణి ఒంటితో గుద్ది ఆపాలి. రాయిలాంటి రబ్బరు బిళ్ళ ఎగిరి వస్తుంటే దానికి ఒళ్ళు అడ్డం వెయ్యాలి. ఎంత మొనగాడైనా అక్కడ ఒక్క క్షణం వెనకాడతాడు. మిశారి వెనకాడడు. అందుకే అతన్ని గోడ అనేవాళ్ళు. గోడ రింకులో ఉండేది, బీటలు వంటింట్లో పడేవి. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

యుద్ధం ముగిసిన కొత్తల్లో సంజీవమ్మ రాయచోటి నుంచి కువైట్ వచ్చింది. అప్పటికి మిశారి పాలు తాగే పిల్లవాడు. పసిబిడ్డ వెంకటేశ్వరిని తల్లి దగ్గర వదిలి వచ్చిన మనిషి, చేతుల్లోకి వచ్చిన బిడ్డను ప్రేమగా చూడకుండా ఎట్లా ఉంటుంది? వాడు నడక నేర్చుకుంటూ మెట్ల మీంచి దొర్లినప్పుడు ఎత్తుకుని, బుగ్గలు నిమిరి, వేళ్ళు తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. "నీ దెబ్బ నాకు తగలనీ నాయనా," అంది. మన ఇళ్ళలో ఈ మాట అనని ఆడది ఉండదు. అని, మరిచిపోతారు. సంజీవమ్మ చేసిన తప్పల్లా మనసారా అనడం. పది వేళ్ళూ ఒక్కసారే పటపటమన్నాయి. మర్నాడు వాడు బల్ల మూలకు తల కొట్టుకుంటే బొప్పి ఆమె నుదుటి మీద లేచింది.

మామా అది చూసి "మంచిదే" అంది. పిల్లవాడి వెనక తిరగడానికి ఇంకో మనిషిని పెడదామనుకున్నది మానేసింది.

అలా మిశారి నొప్పి తెలియకుండా పెరిగాడు. తను పడినప్పుడల్లా సంజీవమ్మ "అమ్మా" అనడం మాత్రం విన్నాడు. దెబ్బ తగిలితే వచ్చే చప్పుడే అదనుకున్నాడు. పెద్దయ్యాక ఆమె మీద కోపం వస్తే ఆమెను కొట్టేవాడు కాదు. చదువుకున్నవాడు, పనివాళ్ళ మీద చెయ్యి చేసుకోకూడదని తెలుసు. తన మోకాలినే గోడకేసి కొట్టుకునేవాడు. కూరలో ఉప్పెక్కువైతే మోకాలు, చొక్కా ఇస్త్రీ నలిగితే మోచెయ్యి.

సంజీవమ్మకు తిట్టుకునే సుఖం కూడా లేదు. నీ కాళ్ళు విరగ అనబోయి, విరిగేవి ఎవరి కాళ్ళో గుర్తొచ్చి నాలుక కరుచుకునేది. అయినా వాణ్ణి ద్వేషించింది. ఎంత ప్రేమగా ఎత్తుకుందో అంత గట్టిగానూ ద్వేషించింది. పారిపోదామన్నా లాభం లేదు. వెంకటేశ్వరి పెళ్ళికి సెలవు మీద వెళ్ళి, అక్షింతలు వేయబోతూ పెళ్ళిపీటల ముందే కుప్పకూలింది. ఇక్కడ మిశారి ఆ పూట బాగా ఆడాడట.

ఆ ఏడు చలికాలం ఊపిరి తీసుకుంటే ఎడమవైపు పొడిచినట్టయింది. క్లినిక్కులో ఫ్లోరెన్స్ అని రాజోలు నర్సు ఉండేది. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసింది.

"ఆట దెబ్బలాండీ?"

"ఆఁ. పిల్లోడివి."

"మా పెద్దమ్మా ఇలాగే మా అన్నయ్యవి మోసీ మోసీ పోయిందండి." ఫ్లోరెన్స్ వేలితో చూపించింది. "ఈ పక్కటెముక ఇప్పటికే అతుకుల మీదుందండి. మళ్ళీ ఇక్కడే తగిలిందంటే లోపలికి గుచ్చేసుకుంటాది. అప్పుడింక డాక్టరుగారు కూడా చేసేదేం లేదండి."

సరిగ్గా అప్పుడే మిశారికి అదృష్టం తలుపు తట్టింది. యూరప్‌లో ఏదో పెద్ద క్లబ్బు కోచ్ అతని ఆట చూడటానికి వస్తున్నాడు. నచ్చితే అక్కడికి తీసుకెళ్ళి జీతమిచ్చి ఆడిస్తారు. అక్కడి మనుషులు తలుపులంతేసి ఉంటారనీ, చలికాలమంతా ఆటలేననీ ఇంట్లో సంబరంగా చెప్పుకున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

సంజీవమ్మ మిశారి గదిలోకి వెళ్ళి, చిన్నప్పుడు వాడితో మాట్లాడినట్టే తెలుగులో అడిగింది. "నాయనా, ఇంగ నా ఒంట్లో చోటు లేదు. ఈ ఎముక పోతే నేనూ పోతాను. నీ దెబ్బలు నువ్వు తీసుకో."

మిశారి ఫోన్లోంచి తల ఎత్తకుండా అరబ్బీలో జవాబిచ్చాడు. "నాకు అలవాటు లేదు. నీకుంది."

గుమ్మంలో నిలబడ్డ మామా అందుకుంది. "నువ్వే కదా కావాలని తీసుకున్నావు. ఎవరైనా అడిగారా? ఖలాస్. వెళ్ళి పని చూసుకో."

పక్క విల్లాలో పనిచేసే సుల్తాన్‌బీదీ రాయచోటే. సాయంత్రం చెత్త పారేయడానికి వచ్చినప్పుడు సంగతంతా విని, చేతిలోని సంచి కింద పెట్టింది. "ఇట్లా రా అక్కా. నేను తీస్తా. కొన్ని దినాలు నేను మోస్తా," అంటూ బుగ్గల మీదికి చేతులు చాపింది.

సంజీవమ్మ ఆ చేతులు పట్టుకుని ఆపింది. "వద్దు బీ. నీకు తగిలించి నేను యాడ పండుకునేది? ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటా పోతే ఇది తెగేది కాదు."

"అట్లయితే నీకు నువ్వు తీసుకో."

"ఎవురి దిష్టి వాళ్ళు తీసుకుంటారా యాడన్నా?"

"తీసేటోళ్ళు లేకపోతే ఏం జేస్తారు మరి?" అంది సుల్తాన్‌బీ.

సంజీవమ్మ నవ్వబోయింది. ఎముక కలుక్కుమంది.

కోచ్ వచ్చిన రోజు ఆమెనూ రింకుకు తీసుకెళ్ళారు, గహ్వా కాఫీ ఫ్లాస్కూ ఖర్జూరాల డబ్బా మోయాలి కదా. లోపల చలిగా ఉంటుందని మామా తన పాత కోటు ఇచ్చింది. ఇన్నేళ్ళుగా ఒంటికి తెలిసిన ఆటను కంటితో చూడటం సంజీవమ్మకు అదే మొదటిసారి. ఎదుటి జట్టు షుఐబాలో కంపెనీ పనులకొచ్చిన తెల్లవాళ్ళది. అందులో ఎర్రగడ్డం మనిషి ఒకడు అంచున ఉన్న చెక్కగోడను భుజంతో ఊరికే గుద్ది చూసుకుంటున్నాడు. గుద్దినప్పుడల్లా కుర్చీలు అదురుతున్నాయి.

'ఈయప్పేనా నన్ను సంపేది,' అనుకుంది సంజీవమ్మ. భయం వేసింది. తర్వాత కోపం వచ్చింది. ఆ మనిషికి తనెవరో కూడా తెలియదు.

విజిల్ వేశారు. ఆమె ఫ్లాస్కు కింద పెట్టి రెండు చేతులూ తన బుగ్గల మీద పెట్టుకుంది. బుగ్గలు చల్లగా ఉన్నాయి. తల్లి పోయాక వాటిని నిమిరినవాళ్ళు లేరు. మెల్లగా నిమురుకుని, వేళ్ళు కణతలకు ఆనించింది.

"సంజీవీ, నీ దెబ్బే నీకు తగలనీ. ఇంగొకరిది వద్దు," అని గొణిగి మెటికలు విరిచింది. పదీ పటపటమన్నాయి. ముందు వరసలో మామా వెనక్కి తిరిగి చూసి, చలికేమోలే అనుకుంది.

బిళ్ళ మూలకు దొర్లింది. మిశారి ఎప్పటిలాగే ఏమీ చూసుకోకుండా దాని మీదికి పోయాడు. ఎర్రగడ్డం మనిషి వచ్చి భుజంతో గుద్దాడు. మామూలు గుద్దే, అలాంటివి ప్రతి ఆటలోనూ ఎన్నో. సంజీవమ్మ కళ్ళు మూసుకుని పక్కటెముక పట్టుకుంది.

ఏమీ కాలేదు. "అమ్మా" అన్న కేక మాత్రం వినిపించింది. ఆ గొంతు ఆమెది కాదు.

కళ్ళు తెరిచి చూస్తే మిశారి మంచు మీద ముడుచుకుని పడి ఉన్నాడు. "అమ్మా, అమ్మా" అని తెలుగులో ఏడుస్తున్నాడు. నొప్పికి వాడికి తెలిసిన మాట అదొక్కటే. పళ్ళూడిన ఆటగాళ్ళు చుట్టూ చేరి వింతగా చూశారు. డాక్టరు తడిమి చూసి ఏమీ విరగలేదన్నాడు. ఎర్రగడ్డం మనిషి చెయ్యి అందించాడు. మిశారి ఆ చేతిని చూసి భయంతో వెనక్కి పాకాడు. అది చూశాక యూరప్ కోచ్ కోటు గుండీలు పెట్టుకుని లేచాడు. మామా ఎంత బతిమాలినా మళ్ళీ కూర్చోలేదు.

మామా సంజీవమ్మ జబ్బ పట్టుకుని ఆటగాళ్ళ బెంచీ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. "ఏం చేశావు? మళ్ళీ అలాగే చెయ్యి. యల్లా, తొందరగా చేతులు పెట్టు!"

బెంచీ మీద మిశారి వణుకుతున్నాడు. ఆమెను చూడగానే, మెట్ల మీంచి పడ్డ రోజున చాపినట్టే మొహం ముందుకు చాపాడు. బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. సంజీవమ్మకు జాలేసింది, ఆమె వేళ్ళు వాటంతటవే కదిలాయి కూడా.

"రెండు దినాలుంటాది నాయనా. మళ్ళ తగ్గిపోతాది," అంది. "అందరికీ అంతే."

అని, రెండు చేతులూ మామా కోటు జేబుల్లో పెట్టుకుంది.